ఇరవైనాలుగు గంటల పరుగు: ఫోర్డ్ జి.టి.40 కారు పుట్టుక, పందేలు, బ్రేకులు

మన సంఘం వారు వార్షిక సంచికకు వ్యాసం కావాలన్నప్పుడు, భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక ఎవరో ఒక శాస్త్రవేత్త జీవితచరిత్ర వ్రాసి ఇస్తానని అనుకొని ఉంటారు. నేను ఒక కారును గురించి వ్రాయదలచాను. జనగామ నుంచి రోజూ పుష్‌పుల్ రైలు పట్టుకొని క్లాసులకు వచ్చే నాకు, అరవై ఏళ్ళ కిందటి విదేశీ పందెపు కారుతో ఏం పని అని మిత్రులు అడిగారు. పని ఉంది. అది ఈ వ్యాసం మధ్యలో వస్తుంది. ముందు కారు సంగతి.

ఫ్రాన్సు దేశంలో లె మాన్ అనే పట్టణం కలదు. అక్కడ 1923 నుంచి ఒక పందెం జరుగుతున్నది. మామూలు పందెంలో ఇంత దూరమని ముందే గీత గీస్తారు, ఎవరు ముందు చేరితే వారు గెలిచినట్లు. లె మాన్‌లో గీత గీసేది కాలానికి. ఇరవైనాలుగు గంటలు. శనివారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది. ఆ వ్యవధిలో ఏ కారు ఎక్కువ దూరం తిరిగితే ఆ కారుదే విజయం. ఆ రోజుల్లో ఒక్కో కారుకు ఇద్దరు డ్రైవర్లు, ఒకరి తర్వాత ఒకరు నడిపేవారు. ఒక చుట్టు 13 కిలోమీటర్ల 460 మీటర్లు. అందులో ఎక్కువ భాగం మామూలు రోజుల్లో లారీలూ, బస్సులూ తిరిగే రోడ్డే. మేడారం జాతరకు మన ఆర్టీసీ బస్సులు రాత్రీ పగలూ తెరిపి లేకుండా తిరగడం చూసినవారికి ఈ పందెం తత్త్వం వేరే చెప్పనక్కరలేదు. వేగం ఒక్కటే చాలదు, బండి ఆగకూడదు.

జి.టి. అంటే ఇటలీ భాషలో గ్రాన్ తురిస్మో. దూరప్రయాణం చేయగల వేగమైన కారు అని అర్థం. 40 అనేది దాని ఎత్తు, అంగుళాలలో. అంటే మన నడుము దగ్గరికి వస్తుంది.

1960 నుంచి 1965 దాకా వరుసగా ఆరేళ్ళు లె మాన్‌లో ఇటలీ వారి ఫెరారీ కార్లే గెలిచాయి. అమెరికాలోని ఫోర్డ్ కంపెనీకి డబ్బు ఉంది, పందెపు పేరు లేదు. ఫెరారీకి పేరు ఉంది, డబ్బు తక్కువ. 1963లో ఫోర్డ్ వారు ఫెరారీ కంపెనీనే కొనేద్దామని వెళ్ళారు. బేరం చివరిదాకా వచ్చింది. పందేల విభాగం మీద చివరి మాట ఎవరిదన్న దగ్గర ఎంజో ఫెరారీ కాగితాలు పక్కకు నెట్టేశాడు. కొనలేకపోయినవాణ్ణి ఓడించాలని రెండవ హెన్రీ ఫోర్డ్ పట్టుపట్టాడు. సినిమావాళ్ళకు ఇష్టమైన ఘట్టం ఇది. 2019లో వచ్చిన సినిమాను మా హాస్టల్లో చాలామంది చూశారు. ఆ సినిమా చూస్తే కారు మొత్తం కాలిఫోర్నియా షెడ్డులో పుట్టినట్లు అనిపిస్తుంది. నిజానికి అది పుట్టింది ఇంగ్లండులో, లండన్ పక్కనున్న స్లౌ అనే ఊళ్ళో. ఎరిక్ బ్రాడ్లీ అనే ఇంగ్లీషు రూపశిల్పి అప్పటికే లోలా మార్క్ 6 అనే కారు చేసి, డ్రైవరు వెనుక ఫోర్డ్ ఇంజను బిగించి 1963 లె మాన్‌లో పరుగెత్తించి ఉన్నాడు. ఫోర్డ్ వారు ఆయనను చేర్చుకున్నారు. 1959లో ఆస్టన్ మార్టిన్‌ను లె మాన్‌లో గెలిపించిన జాన్ వయర్‌ను చేర్చుకున్నారు. తమ ఇంజనీరు రాయ్ లన్‌ను అక్కడికి పంపారు. 1964 ఏప్రిల్ మొదట్లో మొదటి కారు సిద్ధమైంది.

ఆ ఏప్రిల్ లోనే లె మాన్‌లో పరీక్షకు తీసుకొని పోతే రెండు కార్లూ రోడ్డు తప్పి దెబ్బతిన్నాయి. కారణం ఇంజను కాదు, గాలి. కారు ఆకారం నున్నగా, అందంగా ఉంది. కాని వేగం పెరిగేకొద్దీ వెనుక భాగం పైకి లేవసాగింది. విమానం రెక్కకు ఏది మేలో కారుకు అదే కీడు. వెనుక అంచున ఒక చిన్న రేకు పట్టీ నిలబెడితే బండి నేలను పట్టుకుంది. ఇంత పెద్ద కంపెనీ, ఇన్ని లెక్కలు, చివరికి పరిష్కారం ఒక రేకు ముక్క! మన ప్రాక్టికల్ పరీక్షల్లో ఎక్స్టర్నల్ గారు అడిగే ప్రశ్నలు గుర్తొస్తాయి.

జూన్ పందెంలో మూడు కార్లు దిగాయి, మూడూ ఆగిపోయాయి. రెండింటికి గేరుబాక్సు, ఒకదానికి మంటలు. ఆగకముందు ఫిల్ హిల్ నడిపిన కారు పందెం మొత్తంలో అతివేగమైన చుట్టు తిరిగింది. అంటే వేగం ఉంది, ఓర్పు లేదు. ఏడాది చివరికి పని అమెరికాలోని కారల్ షెల్బీ చేతికి వెళ్ళింది. 1965 ఫిబ్రవరిలో డేటోనాలో 2000 కి.మీ. పందేన్ని కెన్ మైల్స్, లాయిడ్ రూబీ గెలిచారు. జి.టి.40కి అదే తొలి విజయం. ఆ ధైర్యంతో 7 లీటర్ల పెద్ద ఇంజను పెట్టి లె మాన్‌కు మళ్ళీ వెళ్తే, గేరుబాక్సు ఒకచోట, క్లచ్ ఒకచోట, ఇంజను హెడ్ గాస్కెట్లు ఇంకొన్నిచోట్ల పోయి, తెల్లవారేలోగా ఫోర్డ్ వారి జి.టి.40 ఒక్కటీ మిగలలేదు. గెలిచింది మళ్ళీ ఫెరారీ. అయితే ఆ తర్వాత లె మాన్‌లో మొదటి స్థానానికి ఫెరారీ తిరిగి వచ్చింది 2023లోనే. మధ్యలో 58 ఏళ్ళు.

ఈ రెండు ఓటముల తర్వాత ఫోర్డ్ వారు చేసిన పని విద్యార్థులు గమనించదగినది. లె మాన్‌లో ఒక చుట్టు తిరిగేటప్పుడు ఇంజను ఎప్పుడు ఎంత తిరుగుతుంది, గేరు ఎక్కడ మారుతుంది అన్నది టేపు మీద రికార్డు చేశారు. డెట్రాయిట్‌లో ఇంజనును, గేరుబాక్సును డైనమోమీటరుకు బిగించి, ఆ టేపు ప్రకారం యంత్రమే యాక్సిలరేటరు తొక్కేలా, గేరు మార్చేలా ఏర్పాటు చేశారు. అంటే గదిలోంచి కదలకుండా లె మాన్ తిరిగింది. పందెం 24 గంటలే అయినా ఇంజను 48 గంటలు తట్టుకోవాలని నియమం పెట్టుకున్నారు. విరిగిన భాగం విరిగినచోటే విప్పి, కారణం వెతికి, మళ్ళీ మొదటి గంట నుంచి మొదలు. రికార్డు పుస్తకంలో రీడింగులు ముందే వ్రాసుకొని ప్రయోగం తర్వాత చేసే మనబోటివారికి ఇది కొంచెం ఇబ్బందికరమైన విషయం.

ఇంజను సంగతి అట్లా తేలింది. మిగిలింది బ్రేకులు. నా పని ఇక్కడ మొదలవుతుంది.

మా చిన్నాయన లారీ డ్రైవరు. భూపాలపల్లి నుంచి బొగ్గు తోలేవాడు. 2018లో మేడారం జాతర అయిపోయిన మరుసటి రోజు రాత్రి నేను ఆయన పక్కన క్యాబిన్లో ఉన్నాను. ఇంటర్ చదువుతున్నాను. జాతర చూసి వస్తూ భూపాలపల్లిలో దిగి, జనగామ దాకా పోదామని లారీ ఎక్కాను. పరకాల రోడ్డు నిండా జాతర నుంచి తిరిగొచ్చే బండ్లే. ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు, పక్కన నడిచేవాళ్ళు. ఫర్లాంగుకొకసారి బ్రేకు. కొంతసేపటికి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. చిన్నాయన మాట్లాడడం మానేశాడు. గేరు తగ్గించాడు. తర్వాత ఒకచోట ముందు ట్రాక్టరు ఆగింది. ఆయన రెండు కాళ్ళతో పెడలు తొక్కడం నేను కళ్ళారా చూశాను. పెడలు రాయిలాగా గట్టిగా ఉంది, కాని బండి మాత్రం ఆగలేదు. ట్రాక్టరు నిండా పిల్లలున్నారు. ఆయన స్టీరింగు ఎడమకు తిప్పి, లారీని రోడ్డు పక్క మొరం కుప్పకు గుద్దించాడు. ట్రాక్టరులో ఎవరికీ ఏమీ కాలేదు. నాకు నుదుటి మీద నాలుగు కుట్లు. చిన్నాయన కుడికాలు మోకాలి కింద నుజ్జయింది.

ఓనరు అన్న మాట ఒక్కటే: నిద్రపోయిండు. పెడలు మంచిగనే ఉంది, గాలి మంచిగనే ఉంది, లైన్లో ఎక్కడా లీకు లేదు, మరి బ్రేకు ఎట్ల పోతది? ఈ ప్రశ్నకు చిన్నాయన దగ్గర జవాబు లేదు. తొక్కిన అంటాడు, తొక్కినా పట్టలే అంటాడు. ఇంటిలోవాళ్ళు కూడా సగం మంది నమ్మలేదు. బ్రేకు మంచిగా ఉన్నప్పుడు పట్టకపోవడమేమిటి?

తర్వాత ఆ లారీని మానుకోటలో ఒక షెడ్డులో విప్పారు. మానుకోట అంటే మహబూబాబాదే, పాత పేరు మా నోటి నుంచి పోదు. నేను పోయి చూశాను. మేస్త్రి ఒక బ్రేకు షూ చేతిలో పెట్టి, "చూడు తమ్మీ, అద్దం తీరుగ మెరుస్తున్నది" అన్నాడు. లైనరు అరిగి సన్నబడింది, పైన నల్లటి గాజు పొర కట్టి ఉంది. "బ్రేకు పోలే, కాలింది. మీ చిన్నాయన తొక్కిండు. షూ పోయి డ్రమ్ముకు తగిలింది. తగిలినా పట్టలే." లైనర్లు మార్చమని రెండు నెలల ముందు నుంచే చిన్నాయన అడుగుతున్నాడని కూడా మేస్త్రియే చెప్పాడు.

తగిలినా పట్టలే అన్న ఆ మాటకు శాస్త్రం ఏమిటో తెలుసుకోవాలని నేను బి.ఎస్సీ.లో చేరాను అంటే అతిశయోక్తి అవుతుంది. కాని లైబ్రరీలో బ్రేకుల మీద పుస్తకాలు వెతుకుతుంటే దొరికినదే ఈ జి.టి.40 కథ.

లెక్క చూద్దాం. లె మాన్‌లో ముల్సాన్ అనే సుమారు 6 కి.మీ. తిన్నని దారి ఉంది. 1990లో మధ్యలో వంకరలు పెట్టారు గాని అప్పట్లో నిట్టనిలువున తిన్ననిదే. దాని చివర కారు గంటకు 320 కి.మీ. దాటిన వేగంతో వచ్చి, దాదాపు 55 కి.మీ.కు తగ్గి కుడివైపుకు తిరగాలి. డ్రైవరు, పెట్రోలుతో కలిపి కారు బరువు 1300 కిలోలనుకుందాం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణిస్తే గతిశక్తి. గంటకు 320 కి.మీ. అంటే సెకనుకు 89 మీటర్లు. మొదటి శక్తిలోంచి చివరి శక్తి తీసివేస్తే సుమారు 50 లక్షల జౌళ్ళు. గాలి కొంత ఆపుతుంది, దాన్ని విడిచిపెడదాం. 50 లక్షల జౌళ్ళంటే ఎంత? 30 డిగ్రీల దగ్గరున్న 17 లీటర్ల నీళ్ళను, అంటే పెద్ద బిందెడు నీళ్ళను, సలసల మరిగే స్థితికి తెచ్చేంత వేడి. అది కొద్ది సెకన్లలో నాలుగు ఇనుప డిస్కులలోకి దిగాలి. నాలుగూ కలిపి 40 కిలోలనుకుంటే, ఒక్క మలుపు దగ్గర వాటి ఉష్ణోగ్రత సుమారు 270 డిగ్రీలు పెరుగుతుంది. ముందు చక్రాల మీద భారం ఎక్కువ గనుక అక్కడి డిస్కులు ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి. మూడున్నర నిమిషాల తర్వాత మళ్ళీ అదే మలుపు. ఒక పందెంలో 350 సార్లకు పైగా. మిగతా మలుపులు ఈ లెక్కలో లేనే లేవు.

ఇప్పుడు మా లారీ. బొగ్గుతో కలిపి 25 టన్నులు, వేగం గంటకు 60 కి.మీ. అనుకుంటే సుమారు 35 లక్షల జౌళ్ళు. నాకు మొదటిసారి ఈ అంకె వచ్చినప్పుడు తప్పు చేశాననుకొని మళ్ళీ వేశాను. తప్పు కాదు. మా చిన్నాయన పరకాల రోడ్డు మీద ఒక్కసారి బండిని ఆపడానికీ, ప్రపంచంలోని అతివేగమైన కారును ముల్సాన్ చివర ఆపడానికీ మధ్య తేడా అంతే. లారీ డ్రమ్ములు బరువైనవి, అది మేలు. కాని డ్రమ్ము మూసి ఉన్న గిన్నె, వేడి బయటికి పోయే దారి తక్కువ. మొదటిసారి ఎక్కిన వేడి ఆరకముందే రెండోసారి, మూడోసారి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది. లైనరులో ఉండే జిగురు పదార్థం కాలి ఆవిరి పుట్టి, రెండింటి మధ్య పొరలాగా నిలుస్తుంది. ఘర్షణ గుణకం పడిపోతుంది. నొక్కే బలం ఉంటుంది, పట్టు ఉండదు. గాలి సరిగ్గానే ఉంటుంది, పెడలు గట్టిగానే ఉంటుంది. చల్లారిన తర్వాత ఎవరైనా వచ్చి తొక్కి చూస్తే బ్రేకు మంచిగనే ఉన్నట్లు కనిపిస్తుంది కూడా! ఓనరు చూసింది చల్లారిన బ్రేకును.

జి.టి.40 వారి కష్టం ఇంకో రకం. వారివి డిస్కులు, మధ్యలో గాలి పోయేందుకు సందులున్నవి. ముల్సాన్ దారిలో నిమిషానికి పైగా బ్రేకు ముట్టుకోరు గనుక డిస్కు చల్లబడుతుంది, చివరికి రాగానే ఒక్కసారిగా 800 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. రాత్రిపూట చక్రాల లోపల ఎర్రగా కనిపించేవట. చల్లని గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే ఏమవుతుందో డిస్కుకూ అదే అయింది. పగుళ్ళు. ఎంత చేసినా ఇనుముకు 24 గంటలు తట్టుకునే గుణం రాలేదు. అప్పుడు షెల్బీ బృందంలోని ఫిల్ రెమింగ్టన్ అనే మేస్త్రి, అవును, ఆయనను మేస్త్రి అనడమే సరి, ప్రశ్ననే మార్చేశాడు. డిస్కు పగలకుండా చేయడం మన చేత కాదు, పగిలేలోగా మార్చేద్దాం. చక్రం విప్పినప్పుడు ప్యాడ్లూ డిస్కూ నిమిషాల్లో ఊడివచ్చి కొత్తవి ఎక్కేలా బిగింపులన్నీ తిరిగి రూపొందించాడు. అరిగే వస్తువు అరుగుతుందని ముందే ఒప్పుకొని, మార్చే తేదీ ముందే వ్రాసుకోవడం. ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం ఏమీ లేదందులో. రెండు నెలలు అడిగినా లైనర్లు రాని మా లారీ సంగతి పాఠకులకు మళ్ళీ చెప్పనక్కరలేదు.

1966 త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిన కథే గనుక. ఫిబ్రవరిలో డేటోనాలో ప్రప్రథమంగా 24 గంటల పందెం పెట్టారు, మైల్స్, రూబీ గెలిచారు. మార్చిలో సెబ్రింగ్ 12 గంటల పందెం కూడా వారిదే. జూన్ 18, 19 తేదీలలో లె మాన్‌లో ఎనిమిది 7 లీటర్ల కార్లు దిగాయి. ఐదు ఆగిపోగా మిగిలిన మూడూ మొదటి మూడు స్థానాలు పట్టాయి. ముందున్న రెండూ కలిసి గీత దాటాలని కంపెనీ వారు ఆజ్ఞాపించారు. మైల్స్ వేగం తగ్గించి రెండో కారు కోసం ఆగాడు. కలిసే దాటారు. అయితే బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్ల కారు మొదలుపెట్టిన చోటు కొన్ని మీటర్లు వెనుక గనుక, అది తిరిగిన దూరం ఆ మేరకు ఎక్కువ అని నిర్ణయించి విజయం వారికిచ్చారు. 360 చుట్లు, 4,843 కి.మీ. ఒకే ఏడాదిలో మూడు పెద్ద పందేలూ గెలిచిన ఘనత మైల్స్‌కు దక్కకుండా పోయింది. రెండు నెలలు గడవకుండానే, ఆగస్టు 17న, కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో కొత్త కారును పరీక్షిస్తూ ఆయన మరణించాడు. దాని తర్వాతనే ఆ కారు లోపల ఉక్కు గొట్టాల పంజరం పెట్టారు.

ఆ పంజరం 1967లో మారియో ఆండ్రెట్టిని కాపాడింది. రాత్రి బ్రేకు ప్యాడ్లు మార్చుకొని బయటికి వచ్చిన కొద్దిసేపటికే ముందు బ్రేకు పట్టేసి కారు గోడకు కొట్టుకుంది. పక్కటెముకలతో సరిపోయింది. ఆ ఏడు గెలిచింది డాన్ గర్నీ, ఎ.జె. ఫాయిట్. 388 చుట్లు, 5,232 కి.మీ. గర్నీ చాలా పొడగరి. తల ఆనకుండా కారు కప్పు మీద ఒక బుడిపె కట్టారు. గెలిచాక షాంపేను సీసా ఊపి జనం మీద చల్లినది ఆయనే, తర్వాత అందరికీ అది ఆనవాయితీ అయింది. నాకు కావలసిన గర్నీ మాత్రం వేరు. ముల్సాన్ చివర అందరూ ఆఖరు క్షణం దాకా యాక్సిలరేటరు తొక్కి బ్రేకు కొడుతుంటే, ఆయన చాలా ముందుగానే కాలు తీసేవాడు. గాలీ ఇంజనూ బండిని కొంత ఆపిన తర్వాత మెత్తగా బ్రేకు వేసేవాడు. చుట్టుకు కొద్దిపాటి కాలం పోతుంది, బ్రేకులు మిగులుతాయి. వేగవర్గం గుర్తుందిగదా. 320 నుంచి 260కి గాలే తగ్గించి పెడితే బ్రేకు మీద పడే శక్తిలో మూడోవంతు పోయినట్లే.

ఇది చిన్నాయనకు చెప్పాను. ఇప్పుడాయన జనగామ మార్కెట్ యార్డులో కాంటా దగ్గర కూర్చుంటాడు. "మేం గూడ గట్లనే జేస్తుంటిమి గద బిడ్డా. లోడు బండిని ఇంజను మీద ఆపాలె, బ్రేకు ఊకె ముట్టద్దు. ఆ రాత్రి జనంల అది నడవలే" అన్నాడు.

1968 నుంచి నిబంధనలు మారి 7 లీటర్ల ఇంజనుకు చోటు లేకుండా పోయింది, ఫోర్డ్ కంపెనీ తప్పుకుంది. పాత చిన్న ఇంజను జి.టి.40లను జాన్ వయర్ గల్ఫ్ నూనె కంపెనీ వారి లేతనీలం, నారింజ రంగులతో నడిపించాడు. ఆ ఏడు ఫ్రాన్సులో విద్యార్థుల ఆందోళన, సమ్మెల వల్ల పందెం సెప్టెంబరుకు వాయిదా పడింది. పెడ్రో రోద్రిగెజ్, లూసియన్ బియాంకీ గెలిచారు. కారు సంఖ్య 1075. మరుసటి ఏడు, 1969లో, అదే 1075 మళ్ళీ దిగింది. అప్పటికి అది ముసలి బండి, పోర్షే వారి కార్లు దానికన్నా వేగమైనవి. పరుగెత్తి వచ్చి కారెక్కి బెల్టు పెట్టుకోకుండానే బయలుదేరే పద్ధతికి నిరసనగా, జాకీ ఇక్స్ అందరూ ఉరుకుతుంటే తాపీగా నడిచివచ్చి, బెల్టు బిగించుకొని చివరగా కదిలాడు. మొదటి చుట్టులోనే జాన్ వూల్ఫ్ అనే డ్రైవరు ప్రమాదంలో మరణించాడు. 24 గంటల తర్వాత ఇక్స్, జాకీ ఆలివర్ల 1075 గెలిచింది. వెనుకనున్న హాన్స్ హెర్మాన్ పోర్షేకూ దానికీ మధ్య దూరం సుమారు 120 మీటర్లు. చివరి గంటలో హెర్మాన్ కారులో బ్రేకు ప్యాడ్లు అరిగాయన్న హెచ్చరిక దీపం వెలిగింది. మార్చడానికి ఆగలేదు.

"దీపం వెలిగినంక గూడ ఎందుకాపలే?" అని చిన్నాయన అడిగాడు.

"ఆపితే పందెం పోతదని."

ఆయన ఏమీ అనలేదు.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ కరెంటు కార్ల పందెం జరిగింది. మన మిత్రులు కొందరు టిక్కెట్లు కొని వెళ్ళారు. అది గంటలోపే ముగిసే పందెం, మన వ్యాసానికి సంబంధించినది కాదనుకున్నాను. కాని ఆ కార్లకు వెనుక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు. మోటారే జనరేటరుగా మారి బండిని ఆపుతుంది, పందెంలో ఖర్చయ్యే కరెంటులో దాదాపు 40 శాతం అట్లా తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ముల్సాన్ చివర గాలిలో కలిసిన బిందెడు మరిగే నీళ్ళు ఇక్కడ మళ్ళీ బిందెలోకే వస్తున్నాయన్నమాట.

మేస్త్రి ఇచ్చిన ఆ లైనరు ముక్క నా దగ్గరే ఉంది. వచ్చే సెమిస్టరు ప్రాజెక్టుకు దానిని చల్లగా ఉన్నప్పుడూ, 100, 200, 300 డిగ్రీల దగ్గరా ఇనుప పలక మీద జార్చి ఘర్షణ గుణకం కొలవాలని మా సారును అడిగాను. కొలిమి మరమ్మతుకు పోయింది, రాగానే మొదలుపెట్టమన్నారు. రీడింగులు తీసేటప్పుడు చిన్నాయన వస్తానన్నాడు.